గాలి పేరు పెట్టుకున్న కారు

పిల్లలూ,

మొన్నటి సంక్రాంతి దాకా నా ట్రంకు పెట్టె అడుగున ఒక కొయ్య కారు వుండేది. పొడవు జానెడు. తెల్ల పొణికి కర్రతో చెక్కినది. ముందువైపు పలుచగా, వెనుకవైపు ఎత్తుగా, చేప ఆకారంలో వుంటుంది. చక్రాలు సీసా మూతలు కావు, పాత చెప్పు ముక్కలూ కావు. కర్రనే గుండ్రంగా కోసి, అంచులు నునుపు చేసి తగిలించినవి. ఒక్క ముందు చక్రం మాత్రం కాస్త వంకర.

ఆ కారు నాది కాదు. ముప్ఫై ఏళ్లకు పైగా నా దగ్గరే వున్నా నాది కాదు. అది ఎవరిదో, నా దగ్గరికి ఎలా వచ్చిందో, మళ్లీ ఎలా వెళ్లిందో మీకు చెబుతాను. దానితోబాటు మరొక కారు సంగతీ చెప్పాలి. అది బొమ్మ కాదు, నిజం కారు. ఇటలీ దేశంలో తయారైనది. ఆ కారు కథ తెలిసిన తరువాతే నా తప్పు నాకు తెలిసింది.

1991లో నేను అప్పటి కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టరుగా పనిచేస్తున్నాను. ఒకనాడు ఏడవ తరగతికి కాలము, దూరము లెక్కలు చెబుతున్నాను. నల్లబల్ల మీద "ఒక కారు గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది" అని రాసి వెనక్కి తిరిగేసరికి, చివరి బల్ల మీద ఒక అబ్బాయి తల వంచుకుని ఏదో చేస్తున్నాడు. చప్పుడు కాకుండా వెళ్లి చూశాను. ఒళ్లో ఈ కొయ్య కారు, చేతిలో గరుకు కాగితం ముక్క!

"లెక్క చెయ్యరా అంటే బొమ్మలు చేస్తున్నావా? మీ నాన్నను వెంటబెట్టుకు వచ్చి దీన్ని పట్టుకుపో!" అని కారు లాక్కుని నా బల్ల సొరుగులో పడేశాను. తరగతి అంతా నవ్వింది.

వాళ్ల నాన్న రోజు కూలికి వెళ్లే మనిషి. ఒక పూట బడికి వస్తే ఒక పూట కూలి పోతుంది. ఆయన రాలేదు. అబ్బాయి మళ్లీ అడగనూ లేదు. మరుసటి సంవత్సరం నాకు బదిలీ అయింది. సొరుగులోని కాగితాలతో, సుద్దముక్కలతో బాటు ఆ కారు కూడా నా పెట్టెలోకి చేరింది. నేను దాని మాటే మరచిపోయాను.

తరువాత ఎన్నో బళ్లు మారాను, ప్రధానోపాధ్యాయుణ్ణి అయ్యాను, ఉద్యోగ విరమణ కూడా చేశాను. కిందటి ఏడు ఒక సాయంత్రం మా మనవడు ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా ముందు పరిచాడు.

"తాతయ్యా, ఈ కారు చూడు. దీని పేరు జోండా. ప్రపంచంలో వున్నవన్నీ కలిపితే సుమారు 140 మాత్రమేనట!"

చూశాను. నేలకు కరుచుకుని వున్నది. ముందు పలుచన, వెనుక ఎత్తు. వెనుకవైపు పొగ గొట్టాలు నాలుగూ ఒకే గుండ్రటి చట్రంలో, ఒక గుత్తిలాగా వున్నాయి. ఎక్కడో చూసినట్టు వున్నది, కాని ఎక్కడో తోచలేదు.

"దీన్ని ఏ కంపెనీ చేసిందిరా?" అన్నాను.

"కంపెనీ కాదు తాతయ్యా, ముందు ఒక అబ్బాయి చేశాడు. బెల్సా కర్రతో," అన్నాడు వాడు.

ఆ మాటతో నాకు కుతూహలం పుట్టింది. ఆ పుస్తకమూ, మరికొన్నీ తెప్పించుకుని చదివాను. చదివిన సంగతులు మీకు చెబుతాను, వినండి.

దక్షిణ అమెరికాలో అర్జెంటీనా అనే దేశం వుంది. అక్కడ కసిల్దా అనే చిన్న పట్టణంలో రొట్టెలు కాల్చి అమ్ముకునే ఒకాయన వుండేవాడు. 1955లో ఆయనకు ఒక కొడుకు పుట్టాడు. పేరు ఒరాసియో పగానీ. ఈ కుర్రవాడికి కార్లంటే ప్రాణం. అయితే నిజం కారు ఎక్కడిది? అందుకని బెల్సా కర్రను చెక్కి కార్లు చేసుకునేవాడు. బెల్సా అంటే మన పొణికి కర్ర లాగానే దూదిలా తేలికైన కర్ర. మామూలు చాకుతోనే చెక్కవచ్చు. ఆ పిల్లవాడు చేసిన బొమ్మకార్లు ఈనాడు ఇటలీలో ఒక ప్రదర్శనశాలలో పెట్టి వున్నాయి. పెద్ద పెద్దవాళ్లు వాటి ముందు నిలబడి చూస్తారు.

ఒరాసియోకు ఆదర్శ పురుషుడు ఒకరున్నారు. ఆయన లియొనార్డో డావిన్సీ. 1452లో పుట్టిన ఈ ఇటలీ మహానుభావుడు బొమ్మలు వేశాడు, యంత్రాల నమూనాలూ గీశాడు. పక్షి ఎలా ఎగురుతుందో, నీరు ఎలా సుడి తిరుగుతుందో కూర్చుని చూసి రాసుకున్నాడు. కళ వేరు, శాస్త్రం వేరు అని ఆయన అనుకోలేదు. ఒరాసియో కూడా అనుకోలేదు. పెద్దవాడై సొంతంగా ఒక చిన్న పనిశాల పెట్టుకున్నాడు. ఇరవైల వయసులోనే ఒక పందెపు కారును తయారుచేశాడు.

ఆ దేశంలో అప్పటికే ఒక మహావీరుడు వున్నాడు. హువాన్ మాన్యుయెల్ ఫాంజియో ఆయన పేరు. కార్ల పందాలలో 1951లోనూ, ఆ తరువాత 1954 నుంచి 1957 దాకా వరసగానూ, మొత్తం అయిదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ఆయన ఈ యువకుని పని చూసి మెచ్చుకుని, ఇటలీలోని కార్ల కంపెనీలకు సిఫారసు ఉత్తరాలు రాసి ఇచ్చాడు. 1983లో ఒరాసియో ఆ ఉత్తరాలు పట్టుకుని ఇటలీ చేరాడు.

ఉత్తరాలు వున్నాయి కదా, పెద్ద కుర్చీ దొరికింది అనుకుంటున్నారా? లేదు. లాంబోర్గినీ అనే పేరుపొందిన కంపెనీలో అట్టడుగు పనివాడుగా చేరాడు. పని బాగా చేశాడు. కొన్నేళ్లలో కర్బన నార పనులకు పెద్ద అయ్యాడు.

కర్బన నార అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. దానినే కార్బన్ ఫైబర్ అంటారు. మీ పెన్సిల్లో వుండేది కర్బనమే, వంటింటి బొగ్గులో వుండేదీ కర్బనమే. కట్టెను గాలి తగలనివ్వకుండా కాలిస్తే బూడిద కాకుండా బొగ్గు అవుతుంది కదా? అలాగే ఒక రకం కృత్రిమ దారాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేస్తే, అందులోని మిగతా పదార్థాలన్నీ పోయి కర్బనం మాత్రం మిగులుతుంది. ఆ పోగు మన తల వెంట్రుకలో పదవ వంతు లావు కూడా వుండదు. అలాంటి పోగులు వేలకొద్దీ కలిపి, పడుగు పేకలుగా గుడ్డ నేస్తారు. అవును, మన చేనేత మగ్గం మీద నేసినట్టే.

ఆ నల్లగుడ్డకు జిగురు పట్టించి, కావలసిన ఆకారం గల అచ్చులో పొరలు పొరలుగా పరుస్తారు. పొరల మధ్య గాలి లేకుండా పీల్చివేస్తారు. తరువాత దాన్ని ఆటోక్లేవ్ అనే పెద్ద ఇనుప పీపాలో పెట్టి మూత బిగించి, వేడినీ ఒత్తిడినీ కలిపి ఇస్తారు. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు వుంది కదా? ఇదీ దాని అన్నగారే, కాకపోతే మనిషి లోపలికి నడిచి వెళ్లేటంత పెద్దది. జిగురు గట్టిపడి, గుడ్డ కాస్తా గట్టి పలక అవుతుంది. అంతే పరిమాణం గల ఉక్కు బరువులో అయిదవ వంతు మాత్రమే తూగుతుంది. అయినా ఉక్కుతో పోటీపడే బలం.

1987లో లాంబోర్గినీ వారు కౌంటాక్ అనే తమ కారును ఈ నారతో ఒక్కటి ప్రయోగంగా చేయించారు. ఆ పనిలో ఒరాసియోది ముఖ్యపాత్ర. కారు బరువు సుమారు 500 కిలోలు తగ్గింది! "మనం సొంతంగా ఒక ఆటోక్లేవ్ కొందాం," అని ఒరాసియో కంపెనీ పెద్దలను అడిగాడు. వారు ఒప్పుకోలేదు. పక్కనున్న ఫెరారీ కంపెనీకే అది లేదు, మనకెందుకు అన్నారని చెబుతారు.

మరొకరైతే అక్కడితో వూరుకునేవారు. ఒరాసియో అప్పు చేసి తానే ఒక ఆటోక్లేవ్ కొన్నాడు. 1988లో సొంత పనిశాల పెట్టాడు. తండ్రి బట్టీలో రొట్టెలు కాల్చి బతికాడు. కొడుకు కూడా ఒక బట్టీ కొన్నాడు, కాని అందులో కాల్చేది నల్లగుడ్డ!

ఇక అసలు కారు. 1992 ప్రాంతంలో ఒరాసియో తన సొంత కారు పని మొదలుపెట్టాడు. ఇంజను ఎవరిస్తారు? ఇంత చిన్న పనిశాలను నమ్మి పెద్ద కంపెనీలు ఇంజన్లు ఇస్తాయా? మళ్లీ ముసలి ఫాంజియోయే అడ్డుపడి మాట సహాయం చేశాడు. ఆయన ఒకప్పుడు జర్మనీలోని మెర్సిడిస్ కంపెనీ తరపున పందాలు గెలిచినవాడు. ఆయన మాట మీద 1994లో వారు తమ పన్నెండు సిలిండర్ల ఇంజను ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అంత గొప్పవాడి పేరే కారుకు పెట్టాలని ఒరాసియో కోరిక. కాని 1995లో ఫాంజియో కన్నుమూశాడు. పోయిన పెద్దమనిషి పేరును వ్యాపారానికి వాడుకోవడం మర్యాద కాదనుకున్నాడు. అప్పుడు తన దేశపు గాలి ఒకటి గుర్తుకు వచ్చింది. అదే జోండా.

ఆ గాలి కథ కూడా తమాషా అయినదే. అర్జెంటీనాకు పడమట ఆండీస్ పర్వతాలు గోడలాగా నిలబడి వుంటాయి. వాటికి ఆవల పసిఫిక్ మహాసముద్రం. సముద్రం మీది తేమగాలి కొండ ఎక్కుతూ చల్లబడి, తనలోని నీటిని వానగానూ మంచుగానూ కొండకే ఇచ్చేస్తుంది. శిఖరం దాటేసరికి ఒట్టి పొడిగాలి మిగులుతుంది. అది ఇవతలి వైపు దిగేటప్పుడు ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. సైకిలు పంపు నాలుగుసార్లు కొట్టి దాని అడుగు పట్టుకుని చూడండి, వెచ్చగా వుంటుంది. ఇదీ అంతే. 100 మీటర్లు దిగితే సుమారు ఒక డిగ్రీ వేడి పెరుగుతుంది. కొండ ఎత్తు వేల మీటర్లు! చలికాలంలో కూడా కొండ దిగువ వూళ్లలో వడగాలి కొట్టినట్టు వుంటుంది. ఎక్కడా ఆగకుండా కొండ మీది నుంచి దూకే ఆ గాలి పేరే కారు పేరు అయింది.

1999లో స్విట్జర్లాండులోని జెనీవా ప్రదర్శనలో జోండా మొదటిసారి లోకానికి కనిపించింది. పని మొదలుపెట్టిన ఏడేళ్లకు! అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఇంతటి కారు ఏ మహాకంపెనీదో కాదు, ఇటలీలో మోడెనా దగ్గర శాన్ చెజారియో అనే వూళ్లో ఒక చిన్న పనిశాల చేసింది.

ఇక్కడితో కథ అయిపోవాలి కదా? కాలేదు. నాకు నచ్చిన భాగం ఇప్పుడే మొదలవుతుంది.

మా చిన్నప్పుడు పంతులుగారు పలక మీద "అ" రాసి ఇచ్చేవారు. మేము దాని మీదే బలపంతో దిద్దేవాళ్లం. ఒకసారి కాదు, వందసార్లు. అక్షరం లావెక్కేది, వంకరలు పోయేవి, చెయ్యి కుదిరేది. ఒరాసియో తన కారును అలా పద్దెనిమిదేళ్లు దిద్దాడు.

2002లో ఇంజను పెద్దది చేశాడు. అది 7.3 లీటర్లు, 555 అశ్వశక్తి. శక్తి పెరిగితే చక్రాలు జారే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకని చక్రం జారకుండా చూసే ఏర్పాటునూ, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటునూ ఆ కారులో చేర్చాడు. బలంతో బాటు అదుపు కూడా ఇచ్చాడన్నమాట.

2003లో పైకప్పు తీసివేసేందుకు వీలయిన కారు చేశాడు. మీ అట్టపెట్టె మూత కత్తిరించి చూడండి, పెట్టె మెలి తిరుగుతుంది. కారైనా అంతే. పైకప్పు తీసివేస్తే గట్టితనం పోతుంది. దాన్ని పూడ్చడానికి ఇతరులు అడుగున బోలెడంత ఇనుము చేర్చేవారు. ఒరాసియో కర్బన నారను సరైనచోట సరైన దిశలో పరిచాడు. బరువు సుమారు 30 కిలోలు మాత్రమే పెరిగింది.

2005లో వచ్చినది జోండా ఎఫ్. ఎఫ్ అంటే ఫాంజియో. పది సంవత్సరాల కిందట పెట్టలేకపోయిన పేరును, మొదటి అక్షరం మాత్రం తీసుకుని, ఆ గురువుకు దక్షిణగా సమర్పించాడు. ఆ కారుకు 600 అశ్వశక్తి దాటింది.

2009లో అయిదు కార్లు మాత్రమే చేశాడు. పేరు చింక్వే. ఇటాలియన్ భాషలో చింక్వే అంటే అయిదే! పైకప్పు లేనివి మరో అయిదు చేశాడు. ఈ కార్లలో కొత్త సంగతి ఒకటి వుంది. కర్బన నారకు ఒక లోపం వుంది. అది గట్టిదే, కాని దెబ్బ తగిలితే వంగదు, పెళుసుగా విరిగిపోతుంది. అందుకని కర్బన పోగులతోబాటు టైటానియం అనే లోహపు పోగులను కూడా కలిపి నేయించాడు. లోహం సాగి, విరగకుండా పట్టి వుంచుతుంది. పట్టు చీరలో జరీ కలిపి నేసినట్టు! కాని జరీ అందానికి, ఇది ప్రాణరక్షణకు.

ఆ రోజుల్లోనే జోండా ఆర్ అనే కారూ తయారైంది. అది వీధుల్లో నడపరాదు, పందెపు బాటలోనే నడపాలి. 2010లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ అనే కొండదారి బాట మీద, 20 కిలోమీటర్లకు పైగా వుండే చుట్టును 6 నిమిషాల 47 సెకన్లలో పూర్తిచేసింది. ఆ ఏడే ఇటలీ వైమానిక దళపు విన్యాస బృందం గౌరవార్థం త్రికొలోరే అనే కారు చేశాడు. ఆకాశంలో ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పొగలు వదిలి జెండా గీసే విమానాలు వారివి.

2011లో కొత్త కారు వచ్చింది. దాని పేరు వైరా. అదీ ఆండీస్ ప్రాంతపు వాయుదేవుడి పేరే. ఇక జోండా ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. కాని కోరేవారు వదలలేదు. 760 అశ్వశక్తి గల జోండాలు, ఒకటి పోలినది మరొకటి లేకుండా, ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా తయారయ్యాయి. చివరకు 2017లో తన అరవయ్యవ ఏడు నిండిన గుర్తుగా ఒరాసియో మూడే మూడు కార్లు చేశాడు. వాటికి బార్చెట్టా అని పేరు. అంటే చిన్న పడవ. వాటిలో ఒకటి తనకోసం వుంచుకున్నాడు. బెల్సా కర్ర చెక్కిన కుర్రవాడికి అరవై ఏళ్లు దాటిన తరువాత తన బొమ్మ తన చేతికి వచ్చింది!

ప్రత్యేకమైన ఈ కార్లన్నీ దిద్దుబాట్లే అని నేను చెప్పను. డబ్బున్నవారు తమకొక్కరికే వుండాలని ముచ్చటపడి రంగులూ హంగులూ మార్చి చేయించుకున్నవీ వున్నాయి. కాని మంచివాటిని వరుసగా పెట్టి చూస్తే, ప్రతి కారు దానికి ముందు కారులోని ఏదో ఒక లోపానికి జవాబుగా కనిపిస్తుంది. ఇంకో ముచ్చట చూడండి. కారు నడి వీపున రెండు నారపలకలు కలిసేచోట, ఇటువైపు నేత గళ్లూ అటువైపు నేత గళ్లూ అద్దంలో చూసినట్టు సరిపోతాయి. అది సరిపోకపోయినా కారు పరుగెత్తుతుంది. అయినా సరిపెడతారు.

ఇది చదివే అమ్మానాన్నలు ఒక ప్రశ్న అడుగుతారు. నేనూ అడిగాను. "కోట్ల రూపాయల ఖరీదు, ఇద్దరే కూర్చునేది, మన గతుకుల రోడ్ల మీద ఒక్క మైలు కూడా నడవనిది. దీనివల్ల లోకానికి ఏమి లాభం?" నిజమే. ఆ కారు మీ ఇంటికీ రాదు, మా ఇంటికీ రాదు. రావాలని నేను కోరనూ లేదు. కాని ఆ కర్బన నార విమానాల రెక్కలలో వున్నది. కాలు పోయినవారు పరుగెత్తడానికి తొడుక్కునే కృత్రిమ పాదాలలో వున్నది. ఆ నారను ఎలా పరచాలి, ఎలా కాల్చాలి అని చేత్తో పట్టి నేర్చుకున్నవారు ఎందరో వుంటేనే అది ఇన్ని పనులకు వచ్చింది. నేర్చుకునే చెయ్యి ముందు బొమ్మ మీదనే నేర్చుకుంటుంది.

ఈ మాట అనుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పుస్తకంలోని బొమ్మను ఎక్కడ చూశానో అప్పుడు గుర్తుకు వచ్చింది. లేచి దీపం వేసి ట్రంకు పెట్టె తెరిచాను. పాత పరీక్ష కాగితాల కింద కొయ్య కారు వున్నది. ముందు పలుచన, వెనుక ఎత్తు. పన్నెండేళ్ల పిల్లవాడు గాలి ఎలా జారిపోవాలో ఆలోచించి చెక్కాడు. నేను నల్లబల్ల మీద కారు వేగం గురించి లెక్క రాస్తుంటే, వాడు వెనుక బల్ల మీద అదే లెక్క మరో విధంగా చేస్తున్నాడు!

సంక్రాంతికి ఆ వూళ్లో పూర్వ విద్యార్థులు కలుసుకుంటున్నారని తెలిసి, పిలవకపోయినా వెళ్లాను. అతడు వచ్చాడు. జుట్టు నెరసింది. విజయవాడ ఆటోనగర్లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తున్నాడు. గుడ్డలో చుట్టిన కారు అతని చేతిలో పెట్టి, "బాబూ, ఇది నీది. ఇవ్వడం చాలా ఆలస్యమైంది. తప్పు నాది," అన్నాను.

"అయ్యో, అంత మాట ఎందుకు మాస్టారూ!" అని అతను సిగ్గుపడ్డాడు. గుడ్డ విప్పాడు. చాలాసేపు మాట్లాడలేదు. బొటనవేలితో ముందు చక్రం మెల్లగా తిప్పి చూశాడు.

"ఇది వంకరపోయింది మాస్టారూ. ఆ రోజు దీన్నే దిద్దుతున్నాను."

పిల్లలూ, నేను ముప్ఫై ఆరేళ్లు పిల్లల తప్పులు దిద్దాను. ఒక పిల్లవాడు తన తప్పు తానే దిద్దుకుంటుంటే, ఆ పని మధ్యలో లాక్కున్నాను.

నెల తరువాత మనవణ్ణి తీసుకుని అతని ఇంటికి వెళ్లాను. కొయ్య కారు గూట్లో వున్నది. ముందు చక్రం తీసి కొత్తది పెట్టాడు. ఎక్కడా వంకర లేదు. పక్కన మరొకటి, సగం చెక్కినది వున్నది. "అది మా అమ్మాయిది మాస్టారూ. ఎనిమిదో తరగతి. నా కారు వెనుక భాగం మరీ ఎత్తుగా వుందట, గాలి పట్టేస్తుందట. తను సరిగ్గా చేస్తానంటోంది," అన్నాడు నవ్వుతూ.

మా మనవడు వెంటనే, "అయితే అది ప్రత్యేక సంచిక కారన్నమాట!" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో పిల్లవాడి చేతి బొమ్మ తీసుకోవలసివస్తే తీసుకోండి. కాని సాయంత్రం చివరి గంట కొట్టగానే తిరిగి ఇచ్చి, "ఇది ఎలా చేశావురా?" అని ఒక్కమాట అడగండి. తల్లిదండ్రులకూ అదే మనవి.

పిల్లలూ, మీకు మాత్రం వేరే మాట. లెక్కల గంటలో లెక్కలే చెయ్యండి. ఆ మాట నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. గాలి సంగతి, బరువు సంగతి, వేగం సంగతి లెక్క రానివాడికి ఒరాసియో కర్ర చెక్కినా కారు కాదు.

అందుకని ఒక చిన్న లెక్క ఇచ్చి సెలవు తీసుకుంటాను. జోండా ఆర్ తిరిగిన చుట్టు 20 కిలోమీటర్లే అనుకోండి. పట్టిన కాలం 6 నిమిషాల 47 సెకన్లు. అది గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోయినట్టు? జవాబు మీ నోటు పుస్తకంలో వేసి, మీ మాస్టారుకు చూపించండి. ఆ తరువాత, సాయంత్రం ఇంటికి వెళ్లి, చాకు పట్టుకునే ముందు అమ్మను అడిగి, ఒక తేలికైన కర్రముక్క వెతుక్కోండి.